మేక మూత్రపిండంలో రక్తనాళాల పోత: కాస్ట్ తయారీ నుంచి దాన్ని చదవడం దాకా

మూత్రపిండాన్ని నిలువునా కోసి చూస్తే రక్తనాళాల గాట్లు కనిపిస్తాయి గానీ దారులు కనిపించవు. ఏ కొమ్మ ఎక్కడ పుట్టింది, ఎటు తిరిగింది, ఎంత భాగానికి రక్తం అందిస్తోంది అన్నది కత్తితో తేలదు. నాళాల్లోకి గట్టిపడే రెసిన్ ఎక్కించి, అది బిగిశాక చుట్టూ ఉన్న మాంసాన్ని క్షారంతో తినేయిస్తే, నాళాల లోపలి ఖాళీ అచ్చంగా చెట్టులా చేతికొస్తుంది. దీన్నే కరోజన్ కాస్ట్ అంటారు. అనాటమీ విభాగాల్లో అందరూ వాడే మాట 'కాస్ట్' కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాం.

ఈ మార్గదర్శి మెడికల్, వెటర్నరీ కాలేజీల పీజీ విద్యార్థులకు, ల్యాబ్ సిబ్బందికి. మేక మూత్రపిండాన్ని ఎంచుకోవడానికి కారణాలు మామూలువే: ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, చవక, చేతిలో ఇముడుతుంది, నాలుగైదు చెడిపోయినా బాధ ఉండదు. మొదటి నాలుగైదు చెడిపోతాయి కూడా. అవి చెడేది చాలామంది అనుకున్నట్టు రెసిన్ కలిపే దగ్గర కాదు. మాంసం కొట్టు దగ్గర, ఆ తర్వాత కడిగే దగ్గర. అందుకే ఇక్కడ ఆ రెండింటికే ఎక్కువ చోటిచ్చాం.

ముందు ప్రశ్న, తర్వాత రెసిన్

కాస్ట్‌లో ఏం చూడాలో తేల్చుకోకుండా మొదలుపెడితే చివరికి మిగిలేది అలంకరణ వస్తువు. ధమని ఎన్ని కొమ్మలైంది, ఏ కొమ్మ ఏ భాగానికి వెళ్తోంది అన్నదే ప్రశ్నయితే కాస్త చిక్కటి రెసిన్ కావాలి. సన్న కొమ్మల్లోకి ఎక్కువగా వెళ్లదు కాబట్టి పెద్ద కొమ్మలు స్పష్టంగా బయటపడతాయి. గ్లోమరులస్‌ల (రక్తాన్ని వడకట్టే సన్న నాళాల ఉండల) దాకా చూడాలంటే నీళ్లంత పల్చటి రెసిన్ కావాలి. అలాంటి కాస్ట్ మామూలు కంటికి ఎర్రటి మఖమల్ ముద్దలా కనిపిస్తుంది, లోపలి కొమ్మలేవీ కనబడవు. రెండూ ఒకే కాస్ట్‌లో రావాలనుకోవడం అత్యాశ.

దొరికే పదార్థాలు ఇవి:

- దంతవైద్యులు వాడే కోల్డ్ క్యూర్ (వేడి చేయకుండానే గట్టిపడే) యాక్రిలిక్. పొడి, ద్రవం (మోనోమర్) విడివిడిగా డెంటల్ డిపోల్లో దొరుకుతాయి. పొడి గులాబీ రంగుది కాకుండా పారదర్శకమైనది అడగండి. ఈ గైడ్ మొత్తం దీని మీదే.
- సెల్యులోజ్ అసిటేట్ బ్యుటిరేట్‌ను అసిటోన్‌లో కరిగించిన ద్రావణం. అసిటోన్ ఎగిరిపోయేకొద్దీ కుంచించుకుపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ ఎక్కించాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: దీన్ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనే వేయాలి. కాస్టిక్‌లో వేస్తే మాంసంతో పాటు కాస్ట్ కూడా పాడవుతుంది.
- సిలికాన్ సీలెంట్. వంగుతుంది, విరగదు, తరగతి గదిలో చేతులు మారడానికి బాగుంటుంది. కానీ చిక్కన, పెద్ద నాళాలకే పనికొస్తుంది. పైగా గాలిలోని తేమతో గట్టిపడేది కాబట్టి లోపల బిగియడానికి రోజులు పడుతుంది.
- మెర్కాక్స్, బ్యాట్సన్ 17 లాంటి ప్రత్యేక రెసిన్లు. కేశనాళికల దాకా వెళ్తాయి. 1971లో మురకామి మిథైల్ మెథాక్రిలేట్ కాస్ట్‌ను స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూపించాక పరిశోధనలో ఈ దారి స్థిరపడింది. ఖరీదెక్కువ, నేర్చుకునే దశలో వద్దు.

దంత యాక్రిలిక్‌కు ఒక హద్దుంది, అది ముందే తెలుసుకోవాలి. దాని పొడి సన్నటి పూసల రూపంలో ఉంటుంది. ఆ పూసలు పదుల మైక్రాన్ల సైజువి, కేశనాళిక 5 నుంచి 10 మైక్రాన్లు. పూర్తిగా కరగని పూసలు చిన్న ధమనుల మూతి దగ్గరే అడ్డుపడతాయి. ఆర్క్యుయేట్ (విల్లులా వంగే) ధమనులు, వాటినుంచి వల్కలంలోకి (మూత్రపిండపు బయటి భాగంలోకి) లేచే సన్న కొమ్మలు వస్తే చాలు, అంతకంటే ఎక్కువ దీన్నుంచి ఆశించొద్దు.

కొట్టు దగ్గర అడగాల్సింది

మాంసం కొట్టులో మూత్రపిండాన్ని (హైదరాబాద్‌లో గుర్దా అంటారు) కొవ్వు ఒలిచి, పొర తీసి, ఒక గాటు పెట్టి ఇస్తారు. వంటకు అదే సరైన పద్ధతి. మనకు మాత్రం ఆ మూడూ వద్దు. పొద్దున్నే మేకను కోసే సమయానికి వెళ్లి, రెండు మూత్రపిండాలూ కొవ్వుతో సహా, వెన్నెముకకు అంటుకుని ఉండే పెద్ద రక్తనాళం ముక్కతో కలిపి కావాలని ముందురోజే చెప్పి ఉంచండి. దీనికి మూడు లాభాలు. ధమని పొడవుగా మిగులుతుంది. పొర చిరగదు. ఏది కుడి, ఏది ఎడమ, ఏది వెన్నువైపు అన్న గుర్తు పోదు. మేకలో పెద్దపొట్ట ఎడమ మూత్రపిండాన్ని కుడివైపుకు నెట్టేస్తుంది కాబట్టి, విడదీశాక ఆకారం చూసి చెప్పడం కష్టం. అక్కడే వెన్నువైపు ఒక రంగు దారం కట్టేయండి.

గొంతు కోసి రక్తం పూర్తిగా పోనిచ్చిన మేకైతే మంచిది, కడిగే పని సగం తగ్గుతుంది. అవయవాన్ని చల్లటి సెలైన్‌లో, ఐస్ డబ్బాలో తీసుకురండి. ఐస్‌ను నేరుగా తగలనివ్వొద్దు. ఆ రోజే చేయలేకపోతే ఫ్రిజ్ కింది అరలో ఒక రాత్రి ఉంచవచ్చు. డీప్ ఫ్రీజర్‌లో పెట్టారా, ఆ మూత్రపిండాన్ని వదిలేయండి. గడ్డకట్టిన నీరు నాళాల గోడలను చీల్చేస్తుంది, రెసిన్ అన్ని వైపులా కారుతుంది. ఫార్మలిన్‌లో వేసినది కూడా వద్దు. అందులో బిగుసుకున్న మాంసాన్ని క్షారం అంత తేలిగ్గా తినలేదు.

కాస్ట్ కోసమని జంతువును చంపనక్కర్లేదు. తిండికోసం కోసిన వాటివి సరిపోతాయి. మనిషి అవయవమైతే దేహదానం, సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండి తీరాలి.

కావలసినవి

సెలైన్ 2 లీటర్లు (లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు), హెపారిన్ (రక్తం గడ్డ కట్టకుండా చేసే మందు), 14 గేజ్ ఐవీ క్యాన్యులాలు (మూత నారింజ రంగులో ఉండేవి), 10 మి.లీ. సిరంజీలు, 1 నంబర్ సిల్క్ లేదా నూలు దారం, ఆర్టరీ ఫోర్సెప్స్ నాలుగు, వెడల్పాటి ట్రే, కాగితపు కప్పులు, గాజు కడ్డీ, గడియారం. రంగుకు చిత్రకారులు వాడే ఆయిల్ కలర్ ట్యూబులు: ఎరుపు, నీలం, పసుపు. నీటిలో కలిసే రంగులు యాక్రిలిక్‌లో విడిపోయి చుక్కలవుతాయి.

సిరంజీ విషయంలో ఒక మాట. మోనోమర్ ద్రవం నల్ల రబ్బరు బిరడాను ఉబ్బిస్తుంది, అప్పుడు పిస్టన్ మధ్యలోనే ఇరుక్కుంటుంది. రబ్బరు లేని సిరంజీ గానీ గాజు సిరంజీ గానీ తీసుకోండి. పారదర్శకంగా మెరిసే త్రీ-వే స్టాప్‌కాక్‌లను రెసిన్ దారిలో పెట్టొద్దు. వాటిలో చాలావరకు పాలీకార్బొనేట్‌వి, మోనోమర్ తగిలితే పగుళ్లిస్తాయి.

కడగడం

1. ధమనిని కొవ్వులోంచి వేలితో, మొద్దు కొనతో విడదీయండి. హైలం (నాళాలు మూత్రపిండంలోకి దూరే నొక్కు) దగ్గరికి 1 సెం.మీ. దూరంలో ఆగిపోండి. అక్కడ గీసుకుంటే పుట్టే రంధ్రం కంటికి కనపడదు, రెసిన్‌కు కనపడుతుంది.

2. సూది తీసేసిన క్యాన్యులాను ధమనిలోకి అర అంగుళం దూర్చి రెండు చోట్ల కట్టండి. ఎక్కువ లోపలికి పోతే మొదటి కొమ్మను దాటేస్తుంది, అప్పుడు మూత్రపిండంలో సగమే నిండుతుంది. కాస్ట్ సగం ఖాళీగా రావడానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఇదే.

3. గోరువెచ్చటి సెలైన్‌లో లీటరుకు 5,000 యూనిట్ల హెపారిన్ కలిపి, సీసాను సుమారు 135 సెం.మీ. ఎత్తులో వేలాడదీయండి. అంత ఎత్తు నీటి ఒత్తిడి దాదాపు 100 మి.మీ. పాదరసానికి సమానం, అంటే బతికున్న ధమనిలో ఉండేంత. సిరను తెరిచే ఉంచండి.

4. మొదట ఎర్రగా, తర్వాత గులాబీ రంగులో, చివరికి తేటగా నీరు సిరలోంచి వస్తుంది. మూత్రపిండం పాలిపోయి లేత గోధుమరంగుకు తిరుగుతుంది. ఎక్కడైనా ముదురు మచ్చ మిగిలితే అక్కడ రక్తం గడ్డ కట్టింది, ఆ కొమ్మ కాస్ట్‌లో రాదు. బొటనవేలితో మెల్లగా మర్దన చేసి మళ్లీ చూడండి.

5. తేట నీరు రాగానే ఆపేయండి. అర లీటరు, మహా అయితే లీటరు. ఇంకా మంచిదని గంటసేపు కడిగితే కణజాలం నీరు పట్టి ఉబ్బుతుంది, సన్న నాళాలను బయటినుంచి నొక్కేస్తుంది.

6. ఇప్పుడు సిరను వేలితో మూసి, సిరంజీతో కొద్దిగా సెలైన్ తోసి చూడండి. ఎక్కడ చిమ్మితే అక్కడ ఫోర్సెప్స్ వేసి కట్టండి. పొర మీద చిన్న గాటైతే తుడిచి, ఒక చుక్క సూపర్‌గ్లూ చాలు. ఈ పరీక్షను మానేసేవాళ్లు ఎక్కువ, ట్రే అడుగున రెసిన్ మడుగు చూసేవాళ్లూ వాళ్లే.

సెలైన్ దశలో బీపీ యంత్రపు పాదరసపు గొట్టాన్ని జోడించి, మీ చెయ్యి ఎంత నొక్కితే ఎంత ఒత్తిడి వస్తుందో రెండు మూడు సార్లు చూసుకోండి. రెసిన్ ఎక్కించేటప్పుడు ఆ చేతి అలవాటే మీ కొలత.

చివరగా లోపలి నీటిని మెల్లగా పిండేయండి. క్యాన్యులాలో మాత్రం సెలైన్ నిండుగా ఉంచండి, గాలి బుడగ ఉండకూడదు. గాలి, నీరు రెండూ రెసిన్‌ను తెగ్గొడతాయి. కాస్ట్‌లో కొమ్మ పూసల దండలా ముక్కలుగా వస్తే నీరు మిగిలిందని, గుండ్రటి గుంటతో తెగితే గాలి దూరిందని అర్థం.

రెసిన్ కలపడం, ఎక్కించడం

మోనోమర్ ఆవిరి మంటకు తేలిగ్గా అంటుకుంటుంది. దాని ఫ్లాష్ పాయింట్ 10 డిగ్రీలే, అంటే మన గది ఎప్పుడూ దానికంటే వేడే. స్పిరిట్ దీపం, హీటర్ ఉన్న గదిలో వద్దు. కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ వేసి చేయండి. చేతి తొడుగుల్లోంచి కూడా కొద్ది నిమిషాల్లో దిగుతుంది కాబట్టి ద్రవం పడగానే తొడుగు మార్చండి.

10 గ్రాముల పొడికి 20 మి.లీ. ద్రవంతో మొదలుపెట్టండి. ముందు ద్రవంలో ఆయిల్ రంగు, బఠాణీ గింజలో సగమంత, బాగా కలిపి ఆ తర్వాత పొడి చల్లుతూ తిప్పండి. ఆముదం కంటే కొంచెం పల్చగా ఉండాలి. నైలాన్ గుడ్డలోంచి వడకడితే కరగని ఉండలు ఆగిపోతాయి.

అసలు పనికి ముందు ఇదే కొలతతో ఒక కప్పులో కలిపి గడియారం చూడండి. కడ్డీ ఎత్తితే తీగ సాగడం మొదలైన నిమిషాన్ని రాసుకోండి. మీకున్న సమయం అందులో సగమే అనుకోండి. మే నెలలో 38 డిగ్రీల గదిలో ఈ సమయం డిసెంబరులో ఉన్నదాని కంటే బాగా తగ్గిపోతుంది. ద్రవాన్ని ఫ్రిజ్‌లో చల్లబరిస్తే కొంత ఊపిరి దొరుకుతుంది. ద్రవం ఎక్కువ పోస్తే పల్చబడి లోతుకు వెళ్తుంది, నిజమే. కానీ ద్రవం గట్టిపడేటప్పుడే కుంచించుకుంటుంది: ఒట్టి మోనోమర్ ఘనపరిమాణంలో దాదాపు 21 శాతం తగ్గుతుంది. కాబట్టి పల్చన చేసేకొద్దీ కాస్ట్ అసలు నాళం కంటే సన్నగా వస్తుంది.

మూత్రపిండాన్ని నీటి ట్రేలో తేలుతున్నట్టు ఉంచి ఎక్కించండి. పొడి బల్ల మీద పెడితే తన బరువుకే చదునై, కాస్ట్ కూడా ఒకవైపు నొక్కుకుపోతుంది. నీరు ఇంకో మేలూ చేస్తుంది: గట్టిపడేటప్పుడు పుట్టే వేడిని లాగేస్తుంది.

*ధమని (ఎరుపు).* సిర తెరిచి ఉండాలి, ముందున్న నీరు అటునుంచే బయటికి పోవాలి. మి.లీ.కు ఐదు సెకన్ల లెక్కన, ఆపకుండా తోయండి. కాసేపటికి ఉపరితలం మీద ఎర్రటి చుక్కలు పొడుస్తాయి. చుక్కలు అంతటా సమంగా కనిపించాయంటే సరిపోయింది. ఎన్ని మి.లీ. పట్టిందన్నది మూత్రపిండం సైజును బట్టి మారుతుంది, కాబట్టి సిరంజీ గీతలను కాదు, పొర కింది రంగును నమ్మండి. చేతికి ఎదురు ఒత్తిడి హఠాత్తుగా తగ్గితే ఎక్కడో నాళం చిట్లింది. ఆగిపోండి, ఇంకా తోస్తే మంచి కొమ్మలను కప్పేస్తూ ఒక ఎర్ర గడ్డ తయారవుతుంది. పూర్తయ్యాక క్యాన్యులా వెనక దారం బిగించి, ఆ తర్వాతే సిరంజీ తీయండి.

*సిర (నీలం).* ధమనిలోని రెసిన్ బిగిశాక. సిర వెడల్పు కాబట్టి సిరంజీ ముక్కునే లోపల పెట్టి కట్టేయవచ్చు. ఒత్తిడి చాలా తక్కువ చాలు. మూత్రపిండపు సిరలు ఒకదానితో ఒకటి ధారాళంగా కలుస్తాయి కాబట్టి తేలిగ్గా నిండుతాయి, నిండాక ధమనులు కనబడకుండా పూర్తిగా కప్పేస్తాయి కూడా. ధమనుల పంపకం చూడటమే ఉద్దేశమైతే సిర జోలికి వెళ్లొద్దు. మా అభిప్రాయంలో మొదటి పది కాస్ట్‌లకు ధమని, మూత్రనాళం చాలు.

*మూత్రనాళం (పసుపు).* పెల్విస్ (మూత్రపిండం లోపల మూత్రం చేరే గరాటు లాంటి భాగం) నిండడానికి కొద్ది మి.లీ.లే పడతాయి. గట్టిగా తోస్తే రెసిన్ పెల్విస్ గోడ దాటి చుట్టూ ఉన్న సైనస్ కొవ్వులోకి, సిరల్లోకి పారుతుంది. నీలంలో పసుపు మరకలు కనిపిస్తే అదే జరిగింది.

ఆ తర్వాత ఒక రోజంతా నీటిలోనే కదపకుండా వదిలేయండి. మిగిలిన రెసిన్ ఉన్న కప్పు గట్టిపడింది కదా అని తొందరపడొద్దు. సన్న కొమ్మల్లో తడి తగిలిన రెసిన్ నెమ్మదిగా బిగుస్తుంది.

మాంసాన్ని తినేయించడం

20 శాతం కాస్టిక్ సోడా లేదా పొటాష్ వాడండి. లీటరు ద్రావణానికి 200 గ్రాములు. నీటిలో కాస్టిక్‌ను కొద్దికొద్దిగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే సలసల కాగి ముఖం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, పొడవు తొడుగులు, ఏప్రాన్ లేకుండా ఈ దశ మొదలుపెట్టొద్దు. పాత్ర గాజుది, స్టీలుది, లేదా మందపాటి పాలిథిన్ బకెట్టు కావాలి. సత్తు (అల్యూమినియం) గిన్నె ఎంతమాత్రం వద్దు: కాస్టిక్ దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది.

కాస్ట్‌ను అడుగున పడేయకుండా, ధమని మొదలుకు దారం కట్టి వేలాడదీయండి. గది వేడికి ఐదారు రోజులు పట్టవచ్చు, 40 డిగ్రీల నీటి తొట్టిలో పెడితే ఇంకా త్వరగా అవుతుంది. 60 దాటనివ్వొద్దు, యాక్రిలిక్ మెత్తబడి కొమ్మలు వంగిపోతాయి. రోజూ పాత ద్రావణం మార్చి, మధ్యలో పల్చటి ధారతో కడగండి. కుళాయి కింద పెట్టొద్దు, ఆ ఒత్తిడికి పైకొమ్మలు రాలిపోతాయి. బకెట్టు నీటిలో ముంచి మెల్లగా ఊపితే చాలు. కొవ్వు సబ్బుగా మారి తెల్లటి జిగురులా అంటుకుంటుంది, గోరువెచ్చటి నీటికి వదులుతుంది.

బోరు నీళ్లు వాడేచోట కాస్ట్ మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. అది నీటిలోని సున్నం. నీటితో క్షారం పూర్తిగా పోయాక, పల్చటి వెనిగర్‌లో కొద్ది నిమిషాలు ముంచితే పోతుంది.

వాడిన కాస్టిక్‌ను అలాగే సింకులో పోయొద్దు. నీళ్లు కలిపి, పల్చటి ఆమ్లంతో పీహెచ్ కాగితం మీద 6 నుంచి 9 మధ్యకు తెచ్చాక వదలండి. మిగిలిన మాంసం ముక్కలు 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు సంచిలోకి వెళ్లాలి.

ఆరబెట్టేటప్పుడు చేసే పొరపాటు ఒకటే: త్వరగా ఆరుతుందని స్పిరిట్‌లో గానీ అసిటోన్‌లో గానీ ముంచడం. అసిటోన్ యాక్రిలిక్‌ను కరిగిస్తుంది, స్పిరిట్ వెంట్రుకవాసి పగుళ్లు తెస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క డిటర్జెంట్ వేసి ఆఖరుసారి ముంచండి. నీటి తలతన్యత తగ్గి సన్న కొమ్మలు ఒకదానికొకటి అతుక్కోవు. తర్వాత నీడలో, ఫ్యాన్ గాలి తగలని చోట వేలాడదీయండి.

కాస్ట్‌ను చదవడం

మొదట ధమని హైలం దాటకముందే ఎన్ని కొమ్మలైందో చూడండి. మేకలో సాధారణంగా వెన్నువైపు ఒకటి, పొట్టవైపు ఒకటి. వాటినుంచి పెల్విస్ చుట్టూ పైకెక్కే ఇంటర్‌లోబార్ ధమనులు, దవ్వకూ (లోపలి భాగానికీ) వల్కలానికీ మధ్య విల్లులా వంగే ఆర్క్యుయేట్‌లు, వాటినుంచి ఉపరితలం వైపు బ్రష్ వెంట్రుకల్లా లేచే కొమ్మలు వరుసగా దొరుకుతాయి. ఆర్క్యుయేట్ ధమనులు రెండు వైపులనుంచి వచ్చినా కలవవు. కలిసినట్టు కనిపిస్తే భూతద్దంతో చూడండి, చాలాసార్లు ఒకదాని మీద ఒకటి పడ్డవే. నీలం ఎక్కించిన కాస్ట్‌లో ఆర్క్యుయేట్ సిరలు మాత్రం నిజంగానే కలుస్తాయి. ధమని మూసుకుపోతే ఆ ముక్క ఎందుకు చచ్చిపోతుందో, ఒక సిర కొమ్మను కట్టేసినా ఎందుకు తట్టుకుంటుందో ఈ తేడాలోనే ఉంది.

చేయదగ్గ మంచి ప్రయోగం ఇది. ధమని రెండు కొమ్మలైన చోటికి విడదీసి, ఒక్కోదానికి వేరే క్యాన్యులా పెట్టి, వెన్నువైపు ఎరుపు, పొట్టవైపు పసుపు ఒకే ఒత్తిడితో ఎక్కించండి. కాస్ట్ తేలాక రెండు రంగుల మధ్య సరిహద్దు ఎక్కడుందో చూడండి. మనిషి మూత్రపిండంలో ఇలాంటి సరిహద్దునే 1901లో మాక్స్ బ్రోడెల్ కాస్ట్‌ల ద్వారా చూపించారు. అది కుంభాకారపు అంచు మీద కాక దానికి కొంచెం వెనగ్గా ఉంటుంది. రాళ్లు తీయడానికి వీపునుంచి సూది దించేటప్పుడు సర్జన్లు ఈ పల్చటి రక్తప్రసరణ గీతను ఇప్పటికీ లెక్కలోకి తీసుకుంటారు. 1954లో గ్రేవ్స్ రెసిన్ కాస్ట్‌లతో మనిషి మూత్రపిండాన్ని ఐదు ధమనీ ఖండాలుగా విడదీశారు: శిఖర, ముందు-పై, ముందు-కింది, అధో, వెనక ఖండాలు. వీటిని మేక కాస్ట్‌లో వెతకొద్దు. మేక మూత్రపిండంలో పిరమిడ్లన్నీ కలిసిపోయి ఒకే అంచుగా ఉంటాయి. మనిషి నిర్మాణానికి దగ్గరగా ఉన్నది కావాలంటే పంది మూత్రపిండం తీసుకోండి, పద్ధతి ఇదే.

కొలతలు డిజిటల్ క్యాలిపర్‌తో, కొమ్మ చీలిన చోటికి 2 మి.మీ. అవతల తీసుకోండి. చీలిక దగ్గర నాళం ఎప్పుడూ వెడల్పుగా ఉంటుంది. దవడలను బిగించి పట్టకండి, తాకితే చాలు. కుంచించుకున్న మేర తెలుసుకోవడానికి, తెలిసిన వ్యాసమున్న పాలిథిన్ గొట్టంలో అదే రెసిన్ కొంత నింపి పక్కన పెట్టండి. బిగిశాక దాన్ని కొలిస్తే మీ కాస్ట్‌కు వర్తించే దిద్దుబాటు వస్తుంది. ఫొటోలో స్కేలు కాస్ట్ ఉన్న లోతులోనే ఉండాలి, బల్ల మీద ఉంటే కొలత తప్పుతుంది.

విరిగిన కొమ్మను పారేయకండి. అదే రెసిన్ ఒక చుక్క కలిపి సూది మొనతో అంటిస్తే అతుకు కనిపించదు. ఎక్కడ అతికించారో, ఏ జంతువు, ఏ పక్కది, పొడి-ద్రవం నిష్పత్తి ఎంత, గది ఉష్ణోగ్రత ఎంత అన్నవి చీటీ మీద రాసి పెట్టె లోపలే ఉంచండి.